ఇరుసును కాటాకెత్తిన రోజు

డ్రిల్లు టీచరుగా చేరబోయే అమ్మాయిలకు ముందే ఒక మాట. మీకు ఆటస్థలం ఇస్తారు, అందులో సగం కంపచెట్లు ఉంటాయి. విజిల్ ఇస్తారు, అది మోగదు. లెక్కల టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్ మీకిస్తారు, మీరు సెలవు పెడితే మీ పీరియడ్ కూడా లెక్కల టీచరుకే ఇస్తారు. వీటి గురించి ఎవరితోనూ పోట్లాడొద్దు. నేను ఇరవై ఏళ్లు పోట్లాడి, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసి వచ్చాను. కంపచెట్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఆదోని ఆడపిల్లల హైస్కూల్లో ఎనిమిదేళ్లు, ఆ తర్వాత ఎమ్మిగనూరులో పన్నెండేళ్లు చేశాను. కబడ్డీ, ఖో ఖో అందరూ నేర్పుతారు. నేను వాటితోపాటు ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పాను. అందులో ఎంత బాగా నేర్పానో చెప్పడానికి ఇది రాయడం లేదు. ఒక పిల్ల నడుము ఎట్లా పడగొట్టానో చెప్పడానికి రాస్తున్నాను. మీ ట్రైనింగులో ఈ పాఠం ఉండదు.

ఇరుసు

మా నాన్న ఆదోని పత్తి మార్కెట్టులో కాటా వేసేవాడు. పొడుగాటి ఇనుప దండె, దానికి ఒక కొసన పత్తి మూట, ఇంకో కొసన తూకం రాళ్లు. నడక వచ్చినప్పటి నుంచి ఆ దండె కిందే ఆడుకున్నాను. మా ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని అనేవాళ్లు కాదు, ఎంత ఎక్కువైందో చెప్పేవాళ్లు. అట్లాంటి ఇంట్లో పుట్టి బరువు విషయంలో తప్పు చేయడం కష్టం. నేను చేశాను.

బి.ఏ. అయ్యాక వ్యాయామ శిక్షణకు వెళ్లాను. అక్కడొక బార్‌బెల్ ఉండేది. మగవాళ్లు దాన్ని ఎత్తేవాళ్లు, ఆడవాళ్లం పక్కన నిలబడి నోట్సు రాసుకునేవాళ్లం. పరీక్షలో బార్‌బెల్ ప్రశ్నకు అందరికన్నా నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

నిజంగా ముట్టుకున్నది ఆదోనికి తిరిగొచ్చాకే. మా వీధి చివర తాలీం ఉండేది, మగపిల్లలు కుస్తీ పట్టే మట్టి గది. దాన్ని నడిపే ఖాసిం ఉస్తాద్ మా నాన్నకు స్నేహితుడు. మధ్యాహ్నం ఎవరూ లేని గంటలో నన్ను రానిచ్చాడు. మొదటి నెలంతా కూర్చో, లే, కూర్చో, లే. చేతికి ఏమీ ఇవ్వలేదు.

"ఉస్తాద్, నేను ట్రైనింగయి వచ్చినాను."

"అయితే ఇంగా కష్టం బేటీ. అది మర్సిపోయేదానికే ఒక నెల కావాల."

బళ్లో చేరాక పరికరాలు కావాలని రాసిస్తే రెండు స్కిప్పింగ్ తాళ్లు వచ్చాయి. అందుకని మౌలాలి అనే కమ్మరి దగ్గరికి పోయాను. విరిగిన ఎద్దుల బండి ఇరుసొకటి అతని కొట్టు ముందు పడి ఉంది. చేతులు పట్టేచోట దాన్ని సన్నగా సాగదీశాడు. ఇనుప రేకు కోసి, మధ్యలో బెజ్జం వేసి, జతలు జతలుగా బిళ్లలు చేశాడు. మా నాన్న ఒక్కొక్క బిళ్లనూ కాటాకెత్తాడు. ఒక బిళ్ల పది గ్రాములు ఎక్కువొస్తే వెనక్కి పంపి ఆకురాయితో అరగదీయించాడు. ఆ తూకం అయ్యేంతసేపూ ఇరుసు గోడకు ఆనించి ఉంది.

ఆదోనిలో దాన్ని ఎత్తినవాళ్లు కబడ్డీ జట్టు పిల్లలు. బావి నుంచి రెండేసి బిందెలతో నడిచే పిల్లలు. ఎనిమిదేళ్లు ఎవరికీ ఏమీ కాలేదు. ఈ ఉద్యోగంలో ఎనిమిదేళ్లు ఎవరికీ ఏమీ కాకపోవడం కన్నా ప్రమాదకరమైంది లేదు. మనకు వచ్చుననుకుంటాం.

గోడ వెనక

ఎమ్మిగనూరుకు బదిలీ అయినప్పుడు ఇరుసును బస్సులో వేసుకుని పోయాను.

"ఏందక్కా, ఇరుసొచ్చింది, బండెప్పుడొస్తాది?" అన్నాడు కండక్టరు.

"ఎద్దును ఎతుకుతాండా. నువ్వు కనపడినావు," అన్నాను. ఎమ్మిగనూరు దాకా అతను మళ్లీ నా సీటు వైపు రాలేదు.

అక్కడి హెడ్మిస్ట్రెస్ సుభద్రమ్మ గారు. మంత్రాలయం దగ్గర దేవాలయ సేవ చేసే కుటుంబం. తడిబట్టతో మడికట్టుకుని వంట చేసి, అదే శ్రద్ధతో బడి నడిపేది. ఇరుసును చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆడపిల్లలకు బరువులెందుకమ్మా?"

"ఇప్పుడు మోయడం లేదా మేడం? పొద్దున మూడు బిందెలు, సాయంత్రం నాలుగు."

"అవి ఇంటి బరువులు కదా."

"అవునండి. అవెట్లా ఎత్తాలో ఎవరూ నేర్పరు. నేను నేర్పుతాను."

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "గోడ వెనక చేయించు. రోడ్డుకు కనపడకూడదు." అంతే. మళ్లీ అడగలేదు. నేను చూసిన పైవాళ్లలో ఆమే మేలు. కొందరు అనుమతి ఇవ్వరు, ఇంకొందరు ఇచ్చి రోజూ వచ్చి చూస్తారు. ఈమె ఇచ్చి మర్చిపోయింది.

ఆ ఏడాది పదో తరగతిలో నాగవేణి అని ఒక పిల్ల ఉండేది. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ. నేతగాడు వీరభద్రప్ప రెండో కూతురు. వాళ్లింట్లో రెండు గుంట మగ్గాలు. ఒకటి ఆయనది, ఒకటి నాగవేణిది. తండ్రికీ కూతురికీ మధ్య ఒప్పందం ఉండేది. బడికి ముందు ఒక గజం, బడి విడిచాక ఒక గజం. ఆ రెండు గజాలు నేసినంత కాలం బడి. నేయలేకపోతే బడి లేదు. ఆయన దీన్ని దాచుకోలేదు. "పెద్దదాన్ని తొమ్మిదితో నిలిపినా. ఇది మొండిది, మాట తీసుకునింది," అని నాతోనే చెప్పాడు.

నాగవేణి నా దగ్గరికి తనంతట తనే వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టి చూపించింది. "మేడం, మగ్గం కాడ కూసుంటే నడుము ఇడ్సుకపోతాది. బరువులెత్తితే గట్టిపడతాదని సెప్పినారు కదా."

చెప్పాను. నిజమే చెప్పాను.

మూడో వారం

మొదటి రోజు ఇరుసుకు ఇటొకటి, అటొకటి రెండున్నర కిలోల బిళ్లలు తగిలించి, నోటుబుక్కులో ఐదు కిలోలు అని రాశాను.

"బరువుంది మేడం."

"ఐదు కిలోల జొన్నలు ఎత్తలేవా?"

"జొన్నలైతే ఎత్తుతా."

పొగరనుకున్నాను. ఆ పిల్ల నాకొక సమాచారం ఇచ్చింది, నేను దాన్ని పొగరు కింద జమ కట్టాను. మీరు కూడా కడతారు. కట్టకుండా ఉండటానికి ఒకటే మార్గం. పిల్ల బరువుంది అన్నప్పుడు మొదట అనుమానించాల్సింది పిల్లను కాదు, బరువును.

రెండో వారం పది, మూడో వారం పదిహేను. నేల మీద నుంచి లేపి, నిటారుగా నిలబడి, మళ్లీ నేలకు దించాలి. రెండుసార్లు దించింది. మూడోసారి సగంలో ఆగింది. ఇరుసు చేతుల్లోంచి జారి దుమ్ము లేచింది. పిల్ల మెల్లగా దాని పక్కన కూర్చుంది. ఏడవలేదు.

"మేడం, లేయలేకపోతాండాను."

ఎముకకేమీ కాలేదని డాక్టరు చెప్పాడు. రెండు వారాలు పడక మీద ఉండాలి, తర్వాత నడవొచ్చు, బడికి పోవచ్చు. మగ్గం మాత్రం రెండు నెలలు ఎక్కకూడదు.

"మగ్గం ల్యాకపోతే బడీ లేదు," అన్నాడు వీరభద్రప్ప. కోపంగా అనలేదు. అది అంతకుముందే తేలిపోయిన విషయం.

నేను వాళ్లింటి గడపలో నిలబడి ఏమన్నానో రాయాలి. "మీ పాప నేను చెప్పినట్టు దించలేదు. నడుము వంచింది. పదిహేను కిలోలకే ఇట్లయితే ఎట్లా?" అన్నాను. ఆయన కూతురి వైపు చూశాడు. నాగవేణి గోడ వైపు తిరిగి పడుకుంది.

కాటా

అయినా ఎక్కడో తేడాగా ఉంది. ఇరుసు వంకర పోయిందేమోనని, అంటే తప్పు మౌలాలిదేమోనని అనుమానపడ్డాను. తప్పు మనది కానప్పుడు ఎవరిదో వెతకడానికి నాకు ఓపిక చాలా ఉంటుంది. రెండో శనివారం ఇరుసును మళ్లీ బస్సులో వేసుకుని ఆదోనికి పోయి, ఖాసిం ఉస్తాద్ ముందు పడేసి, నేతగాళ్ల పిల్ల నడుము సంగతి చెప్పాను. ఆయన దాన్ని నేల మీద దొర్లించాడు. గీత గీసినట్టు పోయింది.

"వంకర లేదు. పాప ఎంతెత్తింది?"

"పదిహేను కిలోలు."

"మగ్గం నేసే పిల్లకు పదిహేనుకే నడుము పడతాదా? ఇరుసెంత?"

"ఏ ఇరుసు?"

ఆయన నా మొహంలోకి చూశాడు. "బేటీ, నీ కాళ్ల ముందర ఉండేదే."

ఇద్దరం చెరో కొస పట్టుకుని మార్కెట్టుకు నడిచాం. మా నాన్న ఇరుసును కాటాకెత్తడానికి ఒప్పుకోలేదు.

"దీన్నేంటికి తూసేది? కాటాలో దండె బరువు ఎవురన్నా లెక్క కడతారా?"

అప్పుడు అర్థమయింది. అది నాన్న మాట కాదు, నా బుర్రలో ఎనిమిదేళ్లుగా ఉన్న మాట. రెండు కొసలకు బిళ్లలు తగిలించిన ఇరుసు నా కంటికి కాటా దండెలాగా కనపడింది. తగిలించింది సరుకు. దేనికి తగిలించామో అది లెక్కలోకి రాదు. కాటా వేసే ఇంటి పిల్ల తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. మా ముగ్గురిలో, తూకం వేసేవాడికి, కమ్మరికి, ట్రైనింగయిన టీచరుకు, ఎవరికీ తట్టలేదు. నాకేమో ఎత్తితే బరువనిపించలేదు. నాకు బరువనిపించకపోతే బరువు లేనట్టే అనుకునేదాన్ని.

నాన్న చివరికి ఎత్తాడు. నమ్మకం కుదరక రెండోసారి ఎత్తాడు. పదిహేడు కిలోల నాలుగు వందలు.

"ఆ పాపతో ఎంతెత్తించినావు?"

"పదిహేననుకున్నా."

"ముప్పైరెండు నాలుగొందలూ..." అన్నాడు నాన్న, పత్తి మూట తూచి గట్టిగా అరిచే అలవాటు గొంతుతోనే. అరిచాక అక్కడే గోనె మీద కూర్చున్నాడు.

ముగ్గురికే తెలుసు

సోమవారం సుభద్రమ్మ గారికి చెప్పాను.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"ఉస్తాదుకు, మా నాన్నకు, నాకు. ఇప్పుడు మీకు."

"మంచిది. ఇంకెవరికీ చెప్పకు. టీచరే తప్పు చేసిందని తెలిస్తే ఏ తల్లీ పిల్లను గోడ వెనక్కి పంపదు. ఒక్క పిల్లకు న్యాయం చేయబోయి నలభై మందికి నేర్పడం ఆపుకుంటావా?"

ఆమె తన కోసం అనలేదు. లెక్క కూడా తప్పు కాదు. పైవాళ్లు చెడ్డ సలహా ఇచ్చినప్పుడు తిప్పికొట్టడం సులభం. బుద్ధిగల మనిషి ఆలోచించి ఇచ్చినప్పుడే కష్టం. రెండు రోజులు ఆమె మాట విన్నాను. ఇరవై ఏళ్లలో ఏ పైఅధికారి మాటా అంతసేపు వినలేదు.

మూడో రోజు తొమ్మిదో తరగతి పిల్ల చేతిలో పదో తరగతి లెక్కల పుస్తకం కనపడింది. అట్ట మీద నాగవేణి పేరు.

"ఆయక్క ఇచ్చేసింది మేడం. ఇంగ నాకు పని లేదనింది."

ఆ సాయంత్రం వాళ్లింటికి పోయాను. వీరభద్రప్ప మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. ఆపలేదు. ఆ చప్పుడులోనే ఇరుసు సంగతి, కాటా సంగతి అంతా చెప్పాను. "తప్పు పాపది కాదు, నాది" అన్నప్పుడు మగ్గం ఆగింది.

"అంటే నా బిడ్డ నడుము వంచలేదా?"

"వంచింది. ముప్పైరెండు కిలోలకు నీదైనా వంగుతాది."

"మరి ఆ పొద్దు దాని మొగానే సెప్పినావే, టీచరమ్మా."

"చెప్పినా. ఈ పొద్దు నీ మొగాన చెప్తాండా."

ఆయన చేతిలో నాడెను, మగ్గంలో అడ్డంగా నూలు నడిపే ఆ కట్టెను, అటూ ఇటూ తిప్పాడు. "సరే, సెప్పినావు. దాని మగ్గం ఎవురు నేస్తారు? నువ్వు నేస్తావా?"

"నేర్పితే నేస్తా."

వంటింట్లోంచి ఆయన భార్య ఈరమ్మ నవ్వింది. "ఈయమ్మ నేసిన చీర మనమే కట్టుకోవాల. ఎవురూ తీసుకోరు." తర్వాత చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "నేను మగ్గమెక్కుతా. నాకు బదులు ఈయమ్మ కండెలు సుట్టనీ. ఆ పిల్ల బడికి పోనీ."

వీరభద్రప్ప నాడెను మళ్లీ దారాల మధ్య పెట్టాడు. ఆ తర్వాత మగ్గం మళ్లీ మొదలైంది. వాళ్లింట్లో అది ఒప్పుకోవడమని ఈరమ్మ చెప్పింది. గోడ వైపు తిరిగి పడుకున్న నాగవేణి ఇటు తిరిగింది.

ఉత్త రాట్నం

కండె అంటే నాడెలో పెట్టే చిన్న పుల్లకు చుట్టిన నూలు. రాట్నం తిప్పుతూ చుట్టాలి. నేను బి.ఏ., పైగా చేతుల్లో బలముంది. గంటలో వచ్చేస్తుందనుకున్నాను.

"నూలేది?"

"నూలు మళ్ళా. ముందు ఉత్త రాట్నం తిప్పు," అంది ఈరమ్మ.

"తిప్పుతాండా కదా."

"నువ్వు తిప్పడంల్యా. దాంతో కొట్లాడతాండావు."

మూడు రోజులు ఉత్త రాట్నమే. నాలుగో రోజు పాత చిక్కు నూలు. ఎనిమిదో రోజుకు గానీ మంచి నూలు చేతికివ్వలేదు. ఇచ్చాక కూడా, లావు కండె నాడెలో పట్టదని విప్పించింది, వదులు కండె జారిపోతుందని విప్పించింది. గంటసేపు ముందుకు వంగి కూర్చుంటే నాకు నడుములో ఎక్కడ పట్టేసిందో, నాగవేణి మొదటి రోజు చెయ్యి పెట్టి చూపించింది అక్కడే. అప్పుడు నోటుబుక్కులో రాసుకోవాల్సింది అది, బరువు కాదు.

కొత్తవాళ్లకు బరువులు ఎట్లా మొదలుపెట్టాలో నేను కాలేజీలో నేర్చుకోలేదు. ఉస్తాద్ చెప్పాడు, ట్రైనింగు గర్వంతో వదిలేశాను. ఈరమ్మ చదువు లేకుండా అదే చెప్పింది, అప్పటికి గర్వం కొంత తగ్గింది. ఆ తర్వాత పదకొండేళ్లు ఇట్లా నేర్పాను.

మొదటి పది పన్నెండు రోజులు చేతిలో ఏమీ ఉండదు. వెనక కుర్చీ ఉన్నట్టు పిరుదులు వెనక్కి పెట్టి కూర్చోవడం, లేవడం. మడమలు నేల వదలకూడదు. తర్వాత ఒక వెదురు కట్టె. దాన్ని వీపుకు ఆనించి వంగాలి, తలకూ వీపుకూ పిరుదులకూ మూడుచోట్లా తగులుతూనే ఉండాలి. నడుము వంగితే కట్టె చెప్పేస్తుంది, టీచరు అరవక్కర్లేదు. ఆ తర్వాత ఒకే ఒక చిన్న బిళ్ల, రొమ్ముకు ఆనించుకుని. పది సార్లు చేసి ఇంకా రెండు చేయగలిగేంతలో ఆపాలి. ఊపిరి బిగబట్టి మొహం ఎర్రబడితే అది బలం కాదు, బరువు ఎక్కువైందని అర్థం. రోజు విడిచి రోజు. మధ్య రోజు సోమరితనం కాదు, కండ గట్టిపడేది ఆ రోజే. పిల్ల ఇంటి దగ్గర ఏం మోస్తుందో అడగాలి, అది కూడా లెక్కే. ఇక చేతికిచ్చే ప్రతి వస్తువునూ, పట్టుకునే కట్టెతో సహా, ముందు కాటాకెత్తాలి. ఎత్తించడం కన్నా దించడం ఎక్కువసేపు నేర్పాలి. దెబ్బ తగిలేది దించేటప్పుడే.

మౌలాలి చేత ఇరుసు మధ్యలో తెల్ల రంగుతో 17-400 అని రాయించాను. చూసినవాళ్లు అదేమిటని అడిగేవాళ్లు. అడిగిన ప్రతివాళ్లకూ చెప్పాను. సుభద్రమ్మ గారు అన్నట్టే ఆరుగురు తల్లులు పిల్లల్ని మాన్పించారు. వాళ్లలో నలుగురు తర్వాత మళ్లీ పంపారు, ఇద్దరు పంపలేదు. ఆ ఇద్దరిదీ తప్పని నేననను.

దించడం

రెండు వారాల పడక అయ్యాక నాగవేణి బడికి వచ్చింది. కింది తరగతి పిల్ల దగ్గర లెక్కల పుస్తకం తిరిగి తీసుకుంది. రెండు నెలలకు మగ్గమెక్కింది, నా కండెలకు సెలవిచ్చారు. ఈరమ్మకు నా సెలవు చాలా సంతోషం.

మగ్గమెక్కిన వారానికి పిల్ల గోడ వెనక్కి వచ్చి నిలబడింది.

"మేడం, ఆ ఇరుసు మళ్ళా ఎత్తాల."

"ఎందుకు?"

"అది నన్ను పడేసింది కదా."

నాకు భయమేసింది. పిల్లకు కనపడనివ్వలేదు. డాక్టరును మళ్లీ అడిగి, ఉత్త చేతులతో మొదలుపెట్టాను. తర్వాత వెదురు కట్టె, వాళ్ల మగ్గందే. తర్వాత చిన్న బిళ్ల, పెద్ద బిళ్ల. నాలుగు నెలలు. ఒక్క రోజు కూడా ఆ పిల్లను తొందరపెట్టలేదు. నా జీవితంలో అంత నెమ్మదిగా ఇంకేదీ చేయలేదు.

పదో తరగతి పరీక్షలకు రెండు వారాల ముందు, ఒక పొద్దున ఇరుసు దగ్గరికి పంపాను. బిళ్లలు లేవు, ఉత్త ఇరుసు. ఎవరు చెప్పారో, వీరభద్రప్ప వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నాగవేణి పాదాలు సర్దుకుంది. పిరుదులు వెనక్కి పెట్టి వంగింది, పట్టుకుంది, లేచి నిలబడింది. మెల్లగా దించింది. మూడుసార్లు. నేను ఊపిరి బిగబట్టాను, నా పిల్లలను ఎప్పుడూ చేయొద్దనేది అదే.

"ఎంత, టీచరమ్మా?" అన్నాడు వీరభద్రప్ప.

"పదిహేడు నాలుగొందలు."

"అప్పుడు ముప్పైరెండెత్తిందే! నీ కాడ సదివి నా బిడ్డ సగమైపాయె."

"అప్పుడు ఎత్తింది గానీ దించలేకపోయింది. ఇప్పుడు మూడుసార్లు దించింది. సప్పుడైందా?"

ఆయన తల వంచి, ఇంకా వినపడుతుందేమో అన్నట్టు ఇరుసు వైపు చూశాడు. "కాలేదు."

నాగవేణి చేతుల మట్టి వోణీకి తుడుచుకుంది. "నాయనా, పా. ఈ పొద్దు గజంలో ఇంగా సగముంది. గంట కొట్టేలోపల నేసి మళ్ళా రావాల."

వీరభద్రప్ప గోడ దగ్గర నుంచి కదిలాడు. వంగి ఇరుసును ఒక చేత్తో కొంచెం లేపి చూశాడు. మళ్లీ పెట్టేశాడు. చప్పుడయింది.

"అది మీయమ్మ నేస్తాదిలే," అన్నాడు. "నువ్వు బడికి పో."